గాలం తీసేస్తే కావేరికి కాపలా ఎవరు?

కావేరిలో గాలం వేయడం 2012లో ఆగిపోయింది. కర్ణాటకలో శివనసముద్రం దాటాక నది కొండల మధ్య లోయలోకి దిగి మేకెదాటు వైపు సాగుతుంది. ఆ దారిలో భీమేశ్వరి, గాలిబోరె, దొడ్డమాకళి అనే చోట్ల గాలం వేసేవాళ్ళ కోసం క్యాంపులు ఉండేవి. మహసీర్ అనే పెద్ద చేప కోసం ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం వచ్చేవాళ్ళు. పట్టిన ప్రతి మహసీర్‌నూ కొలిచి, బరువు రాసుకుని, తిరిగి నీళ్ళలో వదలాలి. అది అక్కడి రూలు. ఆ ప్రాంతం 1987 నుంచి వన్యప్రాణి అభయారణ్యం. అభయారణ్యంలో చేపను గాలంతో పట్టడం కూడా చట్టం ప్రకారం వేటేనని చెప్పి ఆపేశారు.

చాలామంది సంతోషించారు. జంతుప్రేమికులు, అడవి గురించి రాసేవాళ్ళు, నా స్నేహితుల్లో కొందరు కూడా. నేను సంతోషించలేదు. బెంగళూరులో స్థిరపడిన తెలుగువాణ్ణి, గాలం పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి నా సరదా పోయిందని బాధపడుతున్నానని అనుకునేవాళ్ళు ఉంటారు. సరదా పోతే ఇంకో ఏరు చూసుకుంటాం. నా బాధ వేరే. ఆ లోయలో నదిని రోజూ చూసే కళ్ళు ఆ రోజుతో తగ్గిపోయాయి. ఆ నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ వాదిస్తాను.

ముందు చేప గురించి చెప్పాలి. కావేరి మహసీర్‌కి వీపు మీద మూపురంలా ఎత్తు ఉంటుంది, రెక్కలు నారింజ రంగులో ఉంటాయి. అందుకే దాన్ని మూపురం మహసీర్ అనుకుందాం. ఇది కావేరిలోనూ దాని ఉపనదుల్లోనూ తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టదు. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కుటుంబంలోని ఒకాయన కావేరి ఉపనది కబినిలో పట్టిన చేప 120 పౌండ్లు తూగింది. అంటే దాదాపు 54 కిలోలు. మన చెరువుల్లో పదిహేను కిలోల బొచ్చె పడితేనే ఊరంతా చూడ్డానికి వస్తుంది. అలాంటిది, ఒక మనిషంత బరువున్న చేప ఆ నదిలో ఉండేది. దానికి ఎర ఏమిటో తెలుసా? రాగి పిండి ఉడికించి గట్టిగా చేసిన ముద్ద. సీమ ఇళ్ళల్లో రోజూ తినే సంగటికి దగ్గరి చుట్టం.

స్వాతంత్ర్యం తర్వాత కొన్ని దశాబ్దాలు ఈ చేప సంగతి బయటి ప్రపంచం దాదాపు మర్చిపోయింది. 1977-78లో ముగ్గురు ఇంగ్లండ్ కుర్రాళ్ళు నదులు వెతుక్కుంటూ వచ్చి, కావేరిలో పెద్ద మహసీర్‌లు ఇంకా ఉన్నాయని లోకానికి చూపించారు. కానీ వాళ్ళకంటే ముందే బెంగళూరులో ఒక క్లబ్బు మొదలైంది. 1972లో పెట్టిన వైల్డ్‌లైఫ్ అసోసియేషన్ ఆఫ్ సౌత్ ఇండియా. అందరూ వాసి అంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది కూడా అదే ఏడాది. గాలం వేసేవాళ్ళు, ఒకప్పుడు తుపాకీ పట్టి మానేసినవాళ్ళు కలిసి పెట్టుకున్న సంఘం అది. కావేరిలో కొంత భాగాన్ని ప్రభుత్వం నుంచి లీజుకు తీసుకుని, అక్కడ కాపలా పెట్టారు. పైన కొడగులో కూర్గ్ వైల్డ్‌లైఫ్ సొసైటీ ఇదే పని చేసింది.

కాపలా దేనికి? తూటాలు వేసేవాళ్ళను ఆపడానికి. తూటా అంటే క్వారీల్లో రాయి పగలగొట్టే పేలుడు మందు. అది నదిలోకి వస్తుంది. లోతైన మడుగు చూసి ఒక తూటా విసిరితే చాలు. పేలుడు దెబ్బకి చేపలకు లోపల గాలితిత్తి పగిలిపోతుంది. పెద్దదీ చిన్నదీ, గుడ్లతో ఉన్నదీ, నిన్న పుట్టిన పిల్లా, అన్నీ ఒకే దెబ్బకు పోతాయి. మా కర్నూలు వైపు తుంగభద్ర ఒడ్డున వల వేసుకుని బతికే ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది: "తూటా ఏసినోడు పైకి తేలింది ఏరుకుంటాడప్పా. అడుక్కు పోయిందాన్ని ఎవురు లెక్కపెడ్తారు?" నిజంగానే చచ్చిన చేపల్లో చాలా భాగం తేలవు, మునిగిపోతాయి. కొండ గుహల్లాంటి మడుగుల్లో ఏళ్ళ తరబడి పెరిగిన మహసీర్ వంశం ఒక మధ్యాహ్నంలో అయిపోవచ్చు.

దీనికి చట్టం లేక కాదు. తూటాలతో, విషంతో చేపలు పట్టడం నేరమని 1897లోనే భారత మత్స్య చట్టంలో రాశారు. ఆ మూల చట్టంలో శిక్ష ఎంతంటే, రెండు నెలల దాకా జైలు, లేదా రెండు వందల రూపాయల దాకా జరిమానా. చట్టం సరే, లోయలో తూటా పేలినప్పుడు విన్నదెవరు? అటవీశాఖ గార్డు ఒక్కడు ఎన్ని కిలోమీటర్ల ఒడ్డు తిరగగలడు? అతనికి ఏనుగులు, గంధం దొంగలు, వేసవిలో మంటలు కూడా చూసుకోవాలి కదా.

క్యాంపులున్న చోట సంగతి వేరుగా ఉండేది. పొద్దున్న, సాయంత్రం పుట్టిలో మనుషులు నది మీద తిరుగుతూనే ఉంటారు. ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని ఉంటారు. కొత్తగా ఒక వల కనబడినా, రాత్రి ఒక చప్పుడు వినబడినా పొద్దునకల్లా తెలిసిపోతుంది. ఇంకో మంచి పని కూడా జరిగింది. ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టినవాళ్ళనే పిలిచి గైడ్లుగా, కాపలాదారులుగా జీతానికి పెట్టుకున్నారు. ఏ రాయి కింద చేప ఉంటుందో, వాన నీళ్ళు ఎర్రగా మారినప్పుడు అది ఎటు కదులుతుందో వాళ్ళకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. తూటా ఎక్కడ వేస్తారో కూడా వాళ్ళకే తెలుసు. చచ్చిన చేప ఒక్కసారి అమ్ముడుపోతుంది. బతికున్న చేప కోసం మనుషులు మళ్ళీ మళ్ళీ డబ్బు పెట్టుకుని వస్తారు, ఆ డబ్బులోంచే ఆ ఊరి కుర్రాడికి జీతం వస్తుంది. ఈ లెక్క వాళ్ళకు ఎవరూ క్లాసు తీసుకుని చెప్పక్కర్లేకపోయింది.

2012 తర్వాత ఆ జీతాలు పోయాయి. గాలం వేసేవాళ్ళు రావడం మానేశారు. గాలం క్యాంపులు మూతపడ్డాక దొంగచాటు చేపల వేట మళ్ళీ ముప్పుగా మారిందని మహసీర్ మీద పనిచేసే శాస్త్రవేత్తలే రాశారు. ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్ 2013లో ఒక సైన్సు పత్రికలో ఈ సంగతి వాదించారు. మహసీర్‌ను కాపాడడంలో గాలం వేసేవాళ్ళ పాత్ర చాలా పెద్దదని వాళ్ళ మాట.

ఇక్కడిదాకా చెబితే ఇది క్లబ్బును పొగిడే వ్యాసం అయిపోతుంది. కానీ ఆ క్లబ్బు కథలో ఒక చేదు భాగం ఉంది, దాన్ని దాచిపెడితే నా వాదనే బలహీనపడుతుంది.

1970ల మొదట్లో లోనావాలాలో టాటా విద్యుత్ సంస్థ వాళ్ళు తమ డ్యాముల దగ్గర మహసీర్ గుడ్లను కృత్రిమంగా పొదిగించడం నేర్చుకున్నారు. లక్షల పిల్లలు తయారయ్యాయి. దేశంలో చాలా నదులకు ఆ పిల్లలు వెళ్ళాయి. కావేరికీ వచ్చాయి. చేపలు తగ్గిపోతున్నాయని భయపడిన మత్స్యశాఖా, క్లబ్బులూ మంచి మనసుతోనే వాటిని నదిలో వదిలారు. కానీ అది కావేరి చేప కాదు. అది నీలిరెక్కల మహసీర్. 1839లో సైక్స్ అనే ఆయన పుణె దగ్గర ముళా-ముఠా నదిలో చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ముళా-ముఠా భీమాలో కలుస్తుంది, భీమా కృష్ణలో కలుస్తుంది. అంటే అది మన కృష్ణమ్మ చేప. దాన్ని తీసుకెళ్ళి కావేరిలో పెట్టారు.

తర్వాత ఏమైందో మనకు ఎలా తెలిసింది? ఈ ప్రశ్నకు జవాబులోనే నేను చెప్పదలుచుకున్నదంతా ఉంది. గాలిబోరె క్యాంపులో గాలం వేసినవాళ్ళు రాసి పెట్టిన పుస్తకాల వల్ల తెలిసింది. ఎవరు ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ చేప పడింది, ఎంత బరువు, అన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నాయి. 1998 నుంచి 2012 దాకా మొత్తం 23,620 గంటల గాలం, 6,161 మహసీర్‌లు. పిండర్, రాఘవన్, వాళ్ళతో పాటు రాబర్ట్ బ్రిటన్ ఆ పుస్తకాలను ముందు వేసుకుని లెక్కలు కట్టి 2015లో ప్రచురించారు.

పైపైన చూస్తే ఆ లెక్కలు సంతోషపెట్టేవే. గంటకు పడే చేపల సంఖ్య ఏటేటా పెరిగింది. మంత్రిగారి ముందు ఈ ఒక్క అంకె పెడితే కావేరి బాగుపడిందని చప్పట్లు కొడతారు. కానీ రెండు రకాల చేపలను విడదీసి చూసేసరికి అసలు సంగతి బయటపడింది. పెరిగినదంతా నీలిరెక్కలదే. మూపురం మహసీర్ ఏటికేడు తగ్గుతూ వచ్చింది. పైగా పడిన కొద్ది మూపురం చేపలూ ఏడాది గడిచేకొద్దీ ఇంకా పెద్దవిగా ఉన్నాయి. పెద్ద చేప పడిందని గాలం వేసినవాడు మురిసిపోయి ఉంటాడు. కానీ దాని అర్థం పిల్లలు పుట్టడం లేదని. పుట్టినా బతకడం లేదని. నదిలో మిగిలింది ముసలి చేపలే.

ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ వలసపోయి తాతలూ అవ్వలే మిగిలిన సీమ పల్లెలు గుర్తొచ్చాయి.

కారణం ఒక్కటే అని శాస్త్రవేత్తలు కూడా అనలేదు. మహసీర్ వానాకాలంలో ఎగువకు ఈది, గులకరాళ్ళ మీద గుడ్లు పెడుతుంది. 1934లో మెట్టూరు డ్యామ్ వచ్చింది, ఎగువన కృష్ణరాజసాగరం వచ్చింది, కబినికి డ్యామ్ వచ్చింది. దార్లు మూసుకుపోయాయి. ఇసుక తోడేస్తున్నారు. నగరాల మురుగు కలుస్తోంది. వీటన్నిటి మధ్య కొత్త చేప వచ్చి తిండికీ చోటుకీ పోటీ పడింది. అయితే ఆ పుస్తకాలు లేకపోయి ఉంటే వీటిలో ఏదీ మనకు తెలిసేది కాదు. ఏ ప్రభుత్వ శాఖ దగ్గరా అన్నేళ్ళ లెక్క అంత వివరంగా లేదు.

అంతకంటే విచిత్రం, ఇంత పేరున్న చేపకు అప్పటికి శాస్త్రంలో ఖాయమైన పేరే లేదు. పేరు లేని జీవిని ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చడం కుదరదు. చివరికి తమిళనాడు, కర్ణాటక సరిహద్దుల దగ్గరి మోయార్ ఏట్లో ఆ చేప ఇంకా ఉందని తేలాక, అక్కడి నమూనాలతో పోల్చి చూసి, కేరళలోని పాంబార్ ఏట్లో దొరికిన చేపకు అంతకుముందే పెట్టిన పేరే దీనికీ వర్తిస్తుందని 2018లో తేల్చారు. టోర్ రెమాదేవి. చేపల మీద జీవితమంతా పనిచేసిన కె. రెమాదేవి అనే శాస్త్రవేత్త పేరు అది. అదే ఏడాది, అంతరించిపోతున్న జీవుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జీవుల్లో చేర్చింది. పులికి ఉన్నట్టే దానికీ ఇప్పుడు ఒక హోదా ఉంది. కానీ ఆ హోదా వచ్చేసరికి గాలిబోరెలో రాసే పుస్తకం మూతపడి ఆరేళ్ళయింది.

క్లబ్బు చేపపిల్లల్ని వదలడం తప్పయింది కదా, మరి క్లబ్బును ఎందుకు సమర్థిస్తున్నావని అడగొచ్చు. నేను సమర్థించేది కాపలానూ, పుస్తకాన్నీ. చేపపిల్లల్ని వదలడం ఎవరైనా చేయగలరు, ఫొటో దిగి వెళ్ళిపోవచ్చు. ఏళ్ళ తరబడి ఒకే ఒడ్డున కూర్చుని, పడినదాన్ని పడినట్టు రాయడం మాత్రం ఆ నది మీద ప్రేమ ఉన్నవాళ్ళే చేస్తారు. క్లబ్బులు చేసిన పనే బెడిసికొట్టిందని చూపించిన సాక్ష్యం కూడా గాలం పట్టినవాళ్ళ చేతిరాతలోనే ఉంది.

ఇక చేపకు నొప్పి పెట్టి వదిలేయడం ఏం జాలి అనే మాట. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. ముల్లు గుచ్చుకుంటే చేపకు బాధే. ఎండాకాలం నీళ్ళు వేడెక్కినప్పుడు ఎక్కువసేపు లాగి అలసిపోయిన చేప, వదిలాక కూడా చచ్చిపోవచ్చు. అందుకే గట్టి దారం వాడాలి, త్వరగా తీసుకురావాలి, వెనక్కి తిరిగిన కొక్కి లేని ఒంటి గాలమే వాడాలి, ఫొటో కోసం చేపను ఎత్తి పట్టుకోకుండా నీళ్ళలోనే ఉంచి కొలవాలి. వేసవి మధ్యలో అసలు గాలమే వేయకూడదు. ఇవన్నీ పాటించినా కొంత బాధ మిగులుతుంది. కానీ ఆ బాధకు ఎదురుగా ఉన్నది తూటా. గాలం నిషేధించిన చోట చేప ప్రశాంతంగా బతుకుతుందని అనుకోవడం నగరంలో కూర్చుని అనుకునే మాట.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైంది. డబ్బున్న నగరవాసులు లీజు తీసుకుంటే, తరాలుగా వల వేసుకుని బతికిన ఊరివాళ్ళు ఏమైపోవాలి? ఇది న్యాయమైన ప్రశ్న. కొందరికి గైడ్ ఉద్యోగం దొరికింది, అందరికీ దొరకలేదు. ఆ క్యాంపుల్లో రోజుకు కట్టే డబ్బు ఊరివాడి నెల సంపాదనను మించే రోజులు ఉన్నాయి. గాలం క్లబ్బులు మళ్ళీ రావాలంటే ఊరి మత్స్యకారులు జీతగాళ్ళుగా కాక భాగస్వాములుగా ఉండాలి. లీజులో పేరు వాళ్ళదీ ఉండాలి. తూటా వేసేవాడూ, వల వేసేవాడూ ఒక్కడే అనుకోవడం కూడా మానాలి. తుంగభద్ర ఒడ్డు పెద్దాయనకు తూటా మీద ఉన్న కోపం నాకున్న కోపం కంటే ఎక్కువ, ఎందుకంటే పోయేది ఆయన కూడు.

హక్కు విషయానికొస్తే ఇంగ్లండ్‌లో డెర్బీ అనే ఊరి కథ చెప్పాలి. అక్కడి గాలం క్లబ్బు పేరు ప్రైడ్ ఆఫ్ డెర్బీ. డెర్వెంట్ నదిలో చేపలు పట్టే హక్కు ఆ క్లబ్బు సొంతం. కృత్రిమ పట్టు తయారుచేసే బ్రిటిష్ సెలనీస్ ఫ్యాక్టరీ వ్యర్థాలు వదిలింది, నగరపాలిక సరిగ్గా శుద్ధి చేయని మురుగు వదిలింది, విద్యుత్ కేంద్రం వేడినీళ్ళు వదిలింది. చేపలు పోయాయి. క్లబ్బు ముగ్గురి మీదా కేసు వేసింది. నదుల కాలుష్యం మీద పోరాడటానికి జాన్ ఈస్ట్‌వుడ్ అనే న్యాయవాది 1948లో గాలం వేసేవాళ్ళందరినీ కూడగట్టి పెట్టిన సంస్థ వెనక నిలబడింది. ఊరు పెరిగింది, జనం పెరిగారు, మురుగు పెరిగితే మా తప్పా అని నగరపాలిక వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. సరిచేసుకోవడానికి కొంత గడువు ఇచ్చింది కానీ, ఆపాల్సిందేనని ఆదేశం ఇచ్చింది. ఆ తీర్పు 1953 లా రిపోర్టుల్లో ఉంది. ఒక ఫ్యాక్టరీని, ఒక నగరాన్ని, ఒక ప్రభుత్వ సంస్థను కోర్టు మెట్లెక్కించింది ఆదివారం పూట చేపలు పట్టుకునే మామూలు మనుషుల సంఘం.

వాళ్ళు గెలవడానికి కారణం నదిలో వాళ్ళకు చట్టం గుర్తించిన వాటా ఉండడం. కావేరిలో వాసికి ఉన్నది లీజు, అంటే ప్రభుత్వం ఇచ్చిన అనుమతి. ఒక ఉత్తర్వుతో గాలం ఆగిపోయింది, ఆ గాలంతో పాటు నడిచిన కాపలా, లెక్కా ఆగిపోయాయి. నదిని రోజూ చూసినవాళ్ళ మాటకు ఆ నిర్ణయంలో చోటు లేదు.

మన దగ్గర గాలం క్లబ్బుల సంప్రదాయం లేదు. కానీ అంతకంటే పెద్దది ఉంది. చెరువులు, రిజర్వాయర్ల మీద చేపలు పట్టే హక్కున్న మత్స్యకారుల సహకార సంఘాలు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఊరూరా ఉన్నాయి. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లల్ని ఇస్తోంది. బొచ్చె, రాగండి, మోసు, బంగారుతీగ పిల్లలు కోట్లల్లో నీళ్ళలోకి వెళ్తున్నాయి. వదిలిన పిల్లల అంకె పేపర్లో వస్తుంది. నాకు తెలిసిన చెరువుల్లో ఏ సంఘం దగ్గరా రెండో అంకె రాసిన పుస్తకం చూడలేదు. ఏడాది తర్వాత ఏ చేప ఎన్ని పడింది? చిన్నప్పుడు దండిగా దొరికిన జెల్లలు, ఇంగిలాయిలు, పరకలు ఇప్పుడెన్ని? రాష్ట్ర చేపగా ప్రకటించుకున్న కొర్రమేను, విత్తనం వేయకుండా తనంతట తాను పుట్టినది, ఎక్కడెక్కడ మిగిలింది? కావేరిలో మంచి మనసుతో చేసిన పని ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత ఎలా తేలిందో తెలిసి కూడా మనం లెక్క లేకుండానే వదులుతున్నాం.

ఆ సంఘాలకు ఇంకో బలం కూడా ఉంది. 2010లో వచ్చిన జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం ప్రకారం నష్టపోయిన వ్యక్తి ఎవరైనా అక్కడికి వెళ్ళొచ్చు. చేపలు పట్టే హక్కు కాగితం మీద ఉన్న సంఘం వెళితే నష్టం ఎవరిదని ఎవరూ అడగలేరు. దానికి తోడు నిన్నటిదాకా ఎన్ని చేపలు పడేవో తేదీలతో రాసిన పుస్తకం చేతిలో ఉంటే, ఫ్యాక్టరీ లాయరు "ఇక్కడ ముందు నుంచీ చేపలు లేవు" అని వాదించడం కష్టం.

కాబట్టి నేను అడిగేది ఇది. కావేరి లోయలో గాలానికి మళ్ళీ అనుమతి ఇవ్వాలి, కాకపోతే పాత పద్ధతిలో కాదు. లీజు క్లబ్బూ, ఊరి మత్స్యకారులూ కలిసి తీసుకోవాలి. బయటి నుంచి ఏ చేపపిల్లనూ నదిలో వదలకూడదు. మూపురం మహసీర్ గుడ్లు పెట్టే నెలల్లో గాలం పూర్తిగా ఆపాలి. పడిన ప్రతి చేప వివరం ఎవరైనా చూడగలిగేలా ప్రతి నెలా బయటపెట్టాలి. అభయారణ్యం చట్టం అడ్డొస్తే, కాపలాకీ లెక్కకీ కట్టుబడిన గాలాన్ని వేట నుంచి వేరుచేసేలా నిబంధనలు రాయాలి. మన వైపు, చేపపిల్లల్ని ఇచ్చే రోజే ప్రతి సంఘానికీ ఒక రిజిస్టరు ఇవ్వాలి. ఊళ్ళో పిలిచే పేర్లతోనే, వేసిన చేపకు ఒక కాలమ్, తనంతట పుట్టిన చేపకు ఒక కాలమ్. వచ్చే ఏడు పిల్లలు కావాలంటే ముందు ఆ రిజిస్టరు చూపించాలని మత్స్యశాఖ ఒక్క షరతు పెడితే చాలు, ఈ వానాకాలం నుంచే మొదలుపెట్టొచ్చు.